వీరుడి కథపై పాఠకుని తీర్పు

మన సాహిత్య చరిత్రలలో కవికి పీట ఉంది, పోషకునికి పీట ఉంది, విమర్శకునికి కూడా ఏదో ఒక మూల చాప ఉంది. చదివినవాడు మాత్రం గడప బయటనే నిలబడి ఉన్నాడు. ఆ చదివినవాడు పదేళ్ళ పిల్లవాడై, చదివింది బొమ్మల పత్రికలోని సాహసగాథ అయితే, వాడి అభిప్రాయాన్ని అడిగేవారే ఉండరు. వాడు చెప్పినా రాసిపెట్టేవారు ఉండరు. అయితే తెలుగు పత్రికల చరిత్రలో ఆ పిల్లవాడి మాట నెగ్గిన సందర్భం ఒకటుంది. పత్రిక పెద్దల అభిరుచిని కాదని నెగ్గిన సందర్భం అది. ఆ ఉదంతం 'చందమామ'ది. ఆ పత్రికను స్థాపించిన ఇద్దరిలో ఒకరు మా కడప జిల్లావారు. దాన్ని చదివి పెరిగిన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు నేను ఎరిగినవి. అందువల్ల ఈ సంగతిని ఆ నేల మీద నిలబడి చెప్పదలచాను.

ముందుగా కొంచెం దూరం వెళ్ళి రావాలి. ఈనాడు 'సూపర్ హీరో' అని మనం అంటున్న వీరుడు 1938లో అమెరికాలో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో సూపర్‌మాన్ రూపంలో పుట్టాడు. ఆ పుస్తకాలను అక్కడి పెద్దలు చాలాకాలం చిల్లర సరుకుగానే చూశారు. వాటికి గౌరవం తెచ్చిన కారణాలలో పాఠకుల ఉత్తరాల శీర్షిక ఒకటి. 1960 ప్రాంతాలలో డీసీ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ ఒక చిన్న పని చేశాడు. ఉత్తరం రాసిన పాఠకుని పేరుతో పాటు పూర్తి చిరునామాను కూడా అచ్చు వేయసాగాడు. దానితో ఏ ఊరి పాఠకుడు ఎక్కడున్నాడో మరో ఊరి పాఠకునికి తెలిసింది. వారు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు, స్నేహితులయ్యారు, తామే పత్రికలు పెట్టుకున్నారు. 1961లో జెర్రీ బెయిల్స్ మొదలుపెట్టిన 'ఆల్టర్ ఈగో' అటువంటిదే. ఆ పత్రికకు మొదటినుంచీ తోడుగా ఉన్న రాయ్ థామస్ అనే పాఠకుడు 1972లో మార్వెల్ సంస్థకు ప్రధాన సంపాదకుడయ్యాడు. ఉత్తరాలు రాసిన చేయి ఉత్తరాలు అందుకొనే చేయి అయింది.

పాఠకుని మాటకు అక్కడ ఎంత బలం వచ్చిందంటే, 1973లో స్పైడర్‌మాన్ కథలో నాయిక గ్వెన్ స్టేసీ చనిపోయినప్పుడు రచయిత జెర్రీ కాన్వే పాఠకుల ఆగ్రహాన్ని నేరుగా భరించవలసి వచ్చింది. 1988లో ఇది మరీ విపరీతానికి పోయింది. బాట్‌మాన్ సహచరుడు రాబిన్ ఒక పేలుడులో చిక్కుకున్నాడు. వాడు బతకాలో చావాలో పాఠకులే తేల్చాలని రెండు ఫోన్ నంబర్లు ఇచ్చారు. ఫోన్ చేస్తే యాభై సెంట్లు. చావాలన్నవారు 5,343 మంది, బతకాలన్నవారు 5,271 మంది. డెబ్బై రెండు ఓట్ల తేడాతో ఒక కుర్రవాడు కథలో చనిపోయాడు. ఒకే మనిషి పదేపదే ఫోన్ చేసి ఉంటాడన్న అనుమానాన్ని ఆ సంపాదకుడు డెనిస్ ఓనీల్ తరువాతి కాలంలో తానే బయటపెట్టాడు. చనిపోయిన ఆ రాబిన్‌ను 2005లో మళ్ళీ బతికించుకున్నారు, అది వేరే సంగతి.

మనకు ఫోన్ నంబర్లు లేవు. ఉత్తరాల శీర్షికల నుంచి సంపాదకులుగా ఎదిగిన బాలపాఠకుల చరిత్ర కూడా మనకు లేదు. మరి మన పిల్లలు తమ వీరుల మీద తీర్పు ఎట్లా చెప్పారు? ఈ ప్రశ్నతో మన ఊళ్ళకు తిరిగి వద్దాం.

బొమ్మిరెడ్డి నాగిరెడ్డి గారు 1912 డిసెంబరు 2న కడప జిల్లా పొట్టిపాడులో జన్మించారు. ఆయన అన్న బి.ఎన్.రెడ్డి గారు పులివెందుల ప్రాంతపు కొత్తపల్లెవారు. 'మల్లీశ్వరి' తీసిన దర్శకులాయన. సినిమా రంగంలో దేశం ఇచ్చే అత్యున్నత గౌరవమైన ఫాల్కే పురస్కారం అన్నకు 1974 సంవత్సరానికీ, తమ్మునికి 1986 సంవత్సరానికీ దక్కింది. వానలు మొహం చాటేసే నేల నుంచి ఒకే ఇంటివారు ఇద్దరు ఇంతటివారు కావడం మా జిల్లావారు చెప్పుకొని మురిసే విషయం. అయితే నా దృష్టిలో నాగిరెడ్డి గారి పనులన్నిటిలోకీ ఎక్కువ ఇళ్ళలోకి ప్రవేశించింది సినిమా కాదు, చందమామ. తెనాలి ప్రాంతం నుంచి వచ్చిన చక్రపాణి గారితో కలిసి ఆయన 1947 జులైలో ఆ పత్రికను తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించారు. తరువాత అది కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం మొదలుకొని సంస్కృతం దాకా డజనుకు పైగా భాషలకు విస్తరించింది. మద్రాసు వడపళనిలోని బి.ఎన్.కె. ప్రెస్సు పేరు ఎన్ని లక్షలమంది పిల్లలకు కంఠతా వచ్చి ఉంటుందో లెక్క కట్టలేము.

మద్రాసు నుండి బొంబాయి వెళ్ళే రైలుమార్గం కడప దాటాక ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం మీదుగా తాడిపత్రి వైపు సాగుతుంది. ప్రొద్దుటూరువారికి ఎర్రగుంట్ల స్టేషను, జమ్మలమడుగు, పులివెందుల వారికి ముద్దనూరు స్టేషను దిక్కు. 2016లో నంద్యాల - ఎర్రగుంట్ల మార్గంలో ప్రయాణికుల బండి నడిచేదాకా ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ రైలు ముఖం తెలియదు. కాబట్టి మద్రాసులో అచ్చయిన కథ మా పిల్లల చేతికి రావాలంటే రైలు దిగి, బస్సు టాపు ఎక్కి, ఎండలో పడి రావాలి. సంచిక రెండు రోజులు ఆలస్యమైతే అంగడివానికి ప్రాణం విసిగేది. "చందమామ వచ్చెనా?" అని అడిగి వెళ్ళిన పిల్లవాడే గంట తరువాత మళ్ళీ వచ్చి అడిగేవాడు. ఆ తొందర బేతాళ కథ కోసం కాదు, రామాయణం కోసం కాదు. సీరియల్ కోసం.

ఆ సీరియళ్ళు రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1932లో పుట్టిన ఆయన 1952లో చందమామలో చేరి, 2006 వరకు అక్కడే పనిచేసి, 2010 జనవరిలో కన్నుమూశారు. 1954లో 'తోకచుక్క'తో మొదలైన ఆయన ధారలో మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు వరుసగా వచ్చాయి. మొత్తం పన్నెండు. వీటికి బొమ్మలు వేసినవారు చిత్రా గారు. ఆయన అసలు పేరు టి.వి.రాఘవన్. 1978లో ఆయన మరణించేవరకు దాసరి గారి మాట, చిత్రా గారి గీత జంట ఎద్దులవలె నడిచాయి. ప్రతి భాగమూ గడచిన కథను నాలుగు వాక్యాలలో కుండలీకరణాలలో చెప్పి మొదలయ్యేది. ప్రతి భాగమూ వీరుడిని ఒక లోయ అంచున వదిలి, ఇంకా ఉందంటూ ముగిసేది.

మనకు అమెరికావారి వంటి సూపర్ హీరో పుస్తకం ఎందుకు పుట్టలేదని కొందరు అడుగుతుంటారు. పొరుగున తమిళంలో 1972లో 'ముత్తు కామిక్స్' ఇంగ్లండు వీరులను తెచ్చి స్థిరపరచింది. దేశంలో ఇంద్రజాల్ కామిక్స్ 1964 నుంచి ఫాంటమ్‌ను ఇంటింటికీ పరిచయం చేసింది. తెలుగులో బుజ్జాయి గారి వంటి మేటి చిత్రకారులు ఉండి కూడా వీరుడి పేరు మీద నెలనెలా వచ్చే బొమ్మల పుస్తకం నిలబడలేదు. ఆ ఆకలిని దాసరి గారి సీరియల్ తీర్చడమే ఇందుకు ఒక కారణమని నేను అనుకుంటాను. తమిళులకు కూడా అంబులిమామ ఉందిగదా, మరి అక్కడ కామిక్సు ఎలా నిలబడ్డాయని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. శివకాశి అచ్చుయంత్రాల వంటి వసతి అక్కడ ఉన్నదన్నది నాకు తోచిన సమాధానం. అంతకంటె మంచి సమాధానం ఎవరైనా చెబితే స్వీకరిస్తాను.

దాసరి వారి వీరులకూ అమెరికా వీరులకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. శిఖిముఖి, విక్రమకేసరి, ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు, కేశవుడు, జయమల్లు. వీరుడు ఒంటరివాడు కాడు, జంటగా ఉంటాడు. వారిలో ఎవరూ ఆకాశంలో ఎగరలేరు. అతిమానుషమైన శక్తులన్నీ చాలావరకు మాంత్రికులవి, రాక్షసులవి, వింతజంతువులవి. జీవదత్తుని చేతి మంత్రదండం వంటివి ఉన్నా, ఆపద నుంచి గట్టెక్కించేది ఎక్కువసార్లు సమయస్ఫూర్తీ, పక్కనున్న స్నేహితుడూ. అంటే చదివే పిల్లవాడు "నేను వాడిని కాలేను" అనుకోనక్కరలేదు. ఒక కట్టె పుచ్చుకుంటే ఖడ్గవర్మ, పక్కింటి పిల్లవాడు తోడు వస్తే జీవదత్తుడు.

ఇక అసలు ఉదంతానికి వస్తాను. చక్రపాణి గారికి ఈ మాంత్రికుల సీరియళ్ళ ధోరణి అంతగా నచ్చేది కాదట. కొడవటిగంటి కుటుంబరావు గారి కుమారులు రోహిణీప్రసాద్ గారు మొదలైనవారు చందమామ గురించి చెప్పిన జ్ఞాపకాలలో ఈ ముచ్చట నిలిచి ఉంది. చక్రపాణి గారు బెంగాలీ నేర్చి శరత్ సాహిత్యాన్ని తెలుగు చేసినవారు. కథ అంటే మనుషుల మధ్య జరిగేది అన్నది ఆయన సంస్కారం. కనుక ఒక దశలో దాసరి వారి సీరియల్ ఆపించి, బంకించంద్రుని 'దుర్గేశనందిని'ని వేయించారు. 1865లో వెలువడిన గొప్ప చారిత్రక నవల అది. యుద్ధముంది, కోట ఉంది, ప్రేమ ఉంది. పెద్దల లెక్కలో అది మెరుగైన సరుకే. కాని పత్రిక అమ్మకాలు తగ్గాయట. పిల్లలు ధర్నా చేయలేదు, సంపాదకునికి విజ్ఞాపన పత్రం పంపలేదు. కొనడం తగ్గించారు, అంతే. దాసరి వారి మాంత్రికులు మళ్ళీ పత్రికలోకి తిరిగి వచ్చారు.

ఇందులోని ఒక విచిత్రాన్ని గమనించాలి. ఇదే నాగిరెడ్డి - చక్రపాణి జంట 1951లో 'పాతాళభైరవి' తీసింది. తోటరాముడూ, నేపాళ మాంత్రికుడూ లేని తెలుగు బాల్యాన్ని ఆ తరువాత ఊహించలేము. 1957లో 'మాయాబజార్' తీసినది కూడా వారే. సినిమాలో మాయను అంతగా నమ్మిన సంస్థ పెద్దకు పత్రికలో మాయ రుచించకపోవడం ఏమిటి? నాకు తోచిన సమాధానం ఒకటే. పాతాళభైరవి పిల్లలూ పెద్దలూ కలిసి చూసేది. అక్కడ మాయకు ముందు వెనుకల ఒక తల్లి, ఒక ప్రేమ, ఒక హాస్యం ఉన్నాయి. చందమామ పిల్లవాడు ఒంటరిగా, దీపం కింద బోర్లా పడుకొని చదివేది. అక్కడ వాడిని దిద్దాలన్న బాధ్యత పెద్దవాడి మీద పడుతుంది. చక్రపాణి గారు వ్యాపారిగా కాక తండ్రిగా ఆలోచించారని నా ఊహ. తండ్రిగా ఆలోచించి ఓడిపోయారు. ఓటమిని ఒప్పుకొని దాసరి వారిని తిరిగి రాయనిచ్చారు. ఆ ఒప్పుకోవడంలోనే ఆయన పెద్దరికం కనబడుతుంది.

అమెరికాలో పదివేల ఫోన్లతో జరిగిన ఓటింగు కంటె ఈ తీర్పు నాకు ఉన్నతంగా తోస్తుంది. అక్కడ అడిగిన ప్రశ్న "వీడిని చంపుదామా?" అని. డబ్బున్నవాడు పదిసార్లు ఓటు వేయగల పద్ధతి అది. ఇక్కడ ఎవరూ ప్రశ్న అడగలేదు. చేతిలో ఉన్న కొద్దిపాటి చిల్లరను ఏ కథ మీద ఖర్చుపెట్టాలో పిల్లలే తేల్చుకున్నారు. కరువు సీమలో ఆ చిల్లర విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ పిల్లల అభిప్రాయాలు ఎట్లా ఉండేవి? వాటి దాఖలా అచ్చులో దొరకదు కాబట్టి, నేను విన్నది రాస్తాను. ఎనభైల నాటికి మా వైపు పట్టణాలలో అద్దెకు పుస్తకాలిచ్చే అంగళ్ళు ఉండేవి. ముందు వరుసలో మధుబాబు గారి షాడో, పక్కన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, పైన తాడు మీద వేలాడే వారపత్రికలు, అడుగున బైండు చేసిన పాత చందమామలు. సీరియల్ పుటలను మాత్రమే చించి, సూదీ దారంతో కుట్టి, అట్ట వేసిన కట్టలకు గిరాకీ ఎక్కువ. అక్కడ జరిగిన వాదాలు ఏ సాహిత్య సభకూ తీసిపోవు.

"ఖడ్గవర్మకు కోపమెక్కువ. జీవదత్తుడు లేకుంటే వాడు యాడో సచ్చిపోయుండు" అని ఒకడు.

"జీవదత్తునికేం, చేతిలో మంత్రదండముండాది. ఉత్త చేతుల్తో పోరాడేవాడు మొగోడు" అని ఇంకొకడు.

అంగడి యజమాని తన తీర్పు తాను చెప్పేవాడు: "వాళ్ళిద్దరూ కొట్లాడుకోకుండా అంత దూరం నడిచినారే, అదిరా అబ్బీ గొప్ప."

ఈ మూడు మాటలలో మూడు విమర్శ సిద్ధాంతాలు ఉన్నాయని నాకు పెద్దయిన తరువాత తెలిసింది. మొదటివాడు పాత్ర స్వభావాన్ని చూశాడు. రెండవవాడు బలానికి న్యాయమెంత అని అడిగాడు. అంగడాయన కథకు మూలమైన స్నేహాన్ని పట్టుకున్నాడు. సూపర్ హీరో కథల మీద అమెరికాలో పుస్తకాలకు పుస్తకాలు రాసిన పండితులు చర్చించినవి కూడా ఈ మూడు సంగతులే.

వీరుడి కథను విని అక్కడికక్కడే తీర్పు చెప్పడం మా ప్రాంతానికి చందమామతో వచ్చిన అలవాటు కాదు. జమ్మలమడుగులో పుట్టిన దుర్భాక రాజశేఖర శతావధాని గారు 'రాణాప్రతాపసింహ చరిత్ర'ను, ప్రొద్దుటూరులో జీవించిన గడియారం వేంకటశేషశాస్త్రి గారు 'శ్రీ శివభారతము'ను రచించారు. స్వాతంత్ర్యానికి ముందరి తరానికి ప్రతాపుడు, శివాజీ ఎటువంటి వీరులో చెప్పనక్కరలేదు. పద్యం కట్టడం తెలియనివారు కూడా సభలలో వాటిని విని తలలూపినవారే. ఈ ఇద్దరూ జంటగా అవధానాలు చేసినవారు. అవధానమంటే ఏమిటి? పృచ్ఛకుడు ఎదుట కూర్చుంటాడు, ఇరకాటంలో పెడతాడు, మెచ్చకపోతే ముఖం మీదనే చెబుతాడు. పాఠకుని అభిప్రాయానికి ఇంతకంటె గౌరవమిచ్చిన సాహిత్య ప్రక్రియ ప్రపంచంలో మరొకటి ఉందేమో నాకు తెలియదు. బొమ్మల పత్రిక ఎదుట కూర్చున్న పిల్లవాడు కూడా నా దృష్టిలో పృచ్ఛకుడే. కాకపోతే వాడి మాట మద్రాసు దాకా వినబడేది కాదు.

చందమామ ఆ మాటను అసలే వినలేదంటే అన్యాయమవుతుంది. ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలకు అతికినట్టు రెండు చిన్న మాటలు పోస్టుకార్డు మీద రాసి పంపాలి. నెగ్గినవారి పేరు, ఊరు అచ్చు వేసేవారు. ష్వార్ట్జ్ వేసిన చిరునామాల వంటిదే ఇది కూడా. కొత్త సంచిక చేతికి రాగానే ఆ పుట తిప్పి మన జిల్లా ఊరి పేరు ఉందా అని వెతకనివారు అరుదు. ఇక బేతాళ కథల నిర్మాణమే పాఠకుని తీర్పు మీద ఆధారపడి ఉంది. సంస్కృతంలోని పాతిక కథలు అయిపోయినా, చందమామవారు ఆ మచ్చు మీద వందలాది కొత్త కథలు అల్లారు. శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుని శంకర్ గారి బొమ్మ చూసి, బేతాళుని ప్రశ్న చదివి, విక్రమార్కుడు నోరు విప్పకముందే పుస్తకం మూసి మన జవాబు మనం చెప్పుకొనేవాళ్ళం. రాజు చెప్పిన జవాబు నచ్చకపోతే రాజుతోనే తగవు. పిల్లవాడికి అభిప్రాయం ఉంటుందని, అది రాజు అభిప్రాయం కంటె వేరుగా ఉండవచ్చునని ఆ శీర్షిక నెలనెలా నేర్పింది.

అయితే ఒక్క విషయంలో లోటు జరిగింది. ఆ సీరియళ్ళ మీద రచయిత పేరు ఉండేది కాదు. బొమ్మ కింద చిత్రా గారి సంతకం కనిపించేది. కథ రాసినవారెవరో తెలిసేది కాదు. మెచ్చుకోవాలన్నా తిట్టాలన్నా ఎవరిని? పన్నెండు సీరియళ్ళ రచయిత పేరు ఎందరో పాఠకులకు తమ తలలు నెరిసే వేళకు, రెండువేల దశకంలో, తెలుగు అంతర్జాలంలో మొదటిసారి తెలిసింది. ఆ దశకంలో పాత సంచికల స్కానులు చేతులు మారాయి. దూరదేశాలలో ఉన్నవారు శిఖిముఖి గురించీ మకరదేవత గురించీ రాసుకున్నారు. ఒకరి వాక్యాన్ని మరొకరు సరిదిద్దారు, పాత్రల పేర్లు గుర్తుచేసుకున్నారు. యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన ఉత్తరాల శీర్షిక అది. దాసరి వారు ఇంకా జీవించి ఉండగానే అందులో కొంత ఆయన చెవిన పడిందన్నది మనకు మిగిలిన ఊరట. పత్రిక మాత్రం నిలువలేదు. 1998 అక్టోబరులో ఒకసారి ఆగి, 1999 డిసెంబరులో మళ్ళీ మొదలై, 2007లో జియోడెసిక్ అనే సంస్థ చేతికి పోయి, ఆ సంస్థ ఇక్కట్లలో పడగా 2013 నాటికి పూర్తిగా ఆగిపోయింది.

ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం పైన చెప్పాను. రెండవది ఇది. చందమామ చదివిన తరం ఎదిగి వచ్చేనాటికి వీరుడి చిరునామా మారింది. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' వంటి సినిమాలతో మా జిల్లాల పేర్లు, మా ఇంటిపేర్లు, మా యాస పెట్టుకొన్న వీరుడు తెర మీదికి వచ్చాడు. కనుసైగతో బండ్లను లేపగలడు, తొడగొట్టి రైళ్ళను ఆపగలడు. అతిమానుష శక్తి ఈసారి మాంత్రికునిది కాదు, వీరునిదే. దాసరి వారి వీరులు దారిలో కనబడిన పరాయివానికి సాయం చేయడానికి పోయేవారు. ఈ వీరుడు పక్క ఊరివానితో పగ తీర్చుకోవడానికి పోతాడు. అది మా కథ అని లోకమంతా నమ్మింది. ప్రొద్దుటూరు బంగారు అంగడివానికి, జమ్మలమడుగు మగ్గం మీద కూర్చున్నవానికి, పులివెందుల చీనీతోట రైతుకు ఆ వీరుడు నచ్చాడా అని ఎవరూ విడిగా అడగలేదు. టిక్కెట్లు తెగాయి కాబట్టి నచ్చాడనే లెక్క వేశారు. టిక్కెట్టు కొన్నవాడు వీరుడిని మెచ్చి కొన్నాడో, వేరే ఆట లేక కొన్నాడో ఆ లెక్కలో తేలదు. చందమామ విషయంలో పిల్లల చేతిలో రెండు కథలు ఉన్నాయి, ఒకటి కాదని మరొకటి ఎంచుకున్నారు. అందువల్లనే దాన్ని తీర్పు అనగలిగాను. ఎంపిక లేని చోట కొనుగోలు తీర్పు కాదు.

అందుకే పాత పాఠకుల మాటలను రాసిపెట్టడం ఇప్పుడు అవసరమని నా మనవి. రచయితల జీవితచరిత్రలు ఎవరో ఒకరు రాస్తారు. సీరియళ్ళు పుస్తకాలుగా కూడా వచ్చాయి. పోస్టుకార్డులు మాత్రం చెదలు పట్టాయి, అద్దె పుస్తకాల అంగళ్ళు సెల్‌ఫోన్ అంగళ్ళయ్యాయి, సూదీ దారంతో కుట్టిన కట్టలు పాతసామాన్లవాని తక్కెడలో తూగిపోయాయి. ఖడ్గవర్మ గొప్పవాడా, జీవదత్తుడు గొప్పవాడా అని వాదించినవారు ఈనాడు యాభై, అరవై, డెబ్బై ఏళ్ళవారు. వారు వెళ్ళిపోతే వారితో పాటు ఒక పల్లెటూరి విమర్శ సంప్రదాయం వెళ్ళిపోతుంది. మీ ఇంట్లో అటువంటివారు ఉంటే ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడగండి: ఏ సీరియల్, ఏ వీరుడు, ఎందుకు? వారు చెప్పినదాన్ని వారి యాసలోనే, దిద్దకుండా రాసిపెట్టండి. చక్రపాణి గారంతటివారు విని తలవంచిన అభిప్రాయం అది. మనం వినడానికి నామోషీ పడవలసిన పని లేదు.